గిట్ట గుర్తు

డెబ్బైయవ దశకంలో ఆళ్లగడ్డలో ఎర్ర గచ్చు నేల కావాలంటే బేల్దారి సంజీవయ్యనే పిలిచేవాళ్లు. ఒక గదికి చాలినంత సిమెంటూ ఎర్ర పొడీ ఒకేసారి కలుపుతాడు. రెండోసారి కలిపితే ఆ రంగు రాదని ఆయన పట్టు. తాపీ చేతబట్టాడంటే నేల బిగిసేదాకా మంచినీళ్లకైనా లేవడు. ఆరాక నున్నటి రాయితో రోజుల తరబడి రుద్ది, చివరికి చెంప నేలకానించి వెలుతురులోకి చూస్తాడు. ఎక్కడ మసక కనిపించినా మళ్లీ మొదలు.

ఉమామహేశ్వరమ్మ కొత్తింట్లో తాపీ పని ముగించి ఆయన చేతులు కడుక్కుంటుండగా, గృహప్రవేశానికని ముందే తెచ్చి కట్టేసిన ఆవు తాడు తెంపుకొని వచ్చి పచ్చి నేలమీద ఒక్క కాలు మోపింది.

"అతుకేస్తే తెలుస్తాదమ్మా. గదంతా తవ్వి మళ్లా పోస్తా" అన్నాడు సంజీవయ్య.

తెల్లారి గడపారతో వచ్చేసరికి ఆమె ఆ గిట్ట గుంటలో పసుపూ కుంకుమా వేసి దండం పెట్టుకుంటోంది.

"లచ్చిమి అడుగప్పా ఇది. ముట్టొద్దు."

ఆయన గడపారను గోడకానించాడు.

పది రోజులకు నేల రుద్దుతూ ఆ గుంట దగ్గరికొచ్చాడు. రాయి లోపలికి పట్టలేదు. ఆమెతోనే పసుపు కడిగించి, తడిపిన రాతిపొడితో, బొటనవేలితో రుద్దసాగాడు.

రెండోరోజు కూడా అదే పని చూసి ఆమె అడిగింది. "ఏందప్పా, గుంటను గూడా రుద్దుతాండావ్?"

"ఉండనీమంటివి గదమ్మా. నా నేలలో ఉండేదైతే మెరవాల్సిందే."

చెంప నేలకానించి గిట్ట గుంటలోకి చూశాడు. మళ్లీ మొదలుపెట్టాడు.