రాళ్లు తొంగున్న వానాకాలం

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక రాళ్లకు కూడా నిద్ర ఉండేది. వానలు ముదిరి, బర్మా సాధువులు మూడు నెలల వ్రతం పట్టి మఠం దాటకుండా కూర్చునే వాసో పౌర్ణమి రోజున మా తాతయ్య తన గోదాలో కుర్రాళ్లు ఎత్తి కసరత్తు చేసే సంగిడి రాళ్లన్నిటికీ నువ్వులనూనె పట్టించి, గోనెసంచుల్లో చుట్టి, గోడవార వరసగా పడుకోబెట్టేవాడు. మళ్లీ వానలు వెళ్లి తడింజు దీపాల పండగ వచ్చేదాకా వాటి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. మావాళ్లు దాన్ని రాళ్లని తొంగోబెట్టడం అనేవారు. మిగతా ఏడాదంతా ఆడపిల్లని గోదా గడప తొక్కనిచ్చేవారు కాదు గాని, ఆ ఒక్క రోజు నూనె గిన్నె పట్టుకునే పని నాకు దొరికేది. అందుకని వాసో పౌర్ణమి కోసం నేను ఎదురుచూసినట్టు మా ఇంట్లో ఇంకెవరూ చూసేవారు కాదు.

మాది శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోసిన కుటుంబం. సేక్కాన్‌లో నదికి దగ్గరగా, కూలీల లైన్లలో ఉండేవాళ్లం. ముత్తాత మోశాడు, తాతయ్య మోశాడు, అప్పటికి మా అమ్మ తమ్ముడు, అంటే మా చిన్నమావయ్య, మోస్తున్నాడు. సైన్యం గద్దెనెక్కి కంపెనీలన్నిటినీ తన చేతిలోకి తీసుకున్నాక మా లైన్లలో సగం గదులు ఖాళీ అయ్యాయి. శ్రీకాకుళం వైపు ఇంత పొలమో ఇల్లో ఉన్నవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయారు. ఏమీ లేనివాళ్లం మిగిలాం. ఒకప్పుడు తెలుగువాళ్ల ఓడలు బయల్దేరిన రేవు పేరు పెట్టి మమ్మల్ని కొరంగీలు అనేవారు. అది ఊరు పేరుగా అంటున్నారో, తిట్టుగా అంటున్నారో గొంతును బట్టి పోల్చుకునేవాళ్లం. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు కాబట్టి మా అమ్మా నేనూ కూడా తాతయ్య పంచనే ఉండేవాళ్లం. ఇంట్లో సంపాదించే చెయ్యి చిన్నమావయ్యదొక్కటే. రేషన్ బియ్యం కూడా ఆయన రేవు ఉద్యోగం చూసే ఇచ్చేవారు.

కుర్రాళ్లకు ఆ మూడు నెలల విశ్రాంతి గిట్టేది కాదు. అందరికన్నా మా చిన్నమావయ్యకు మరీ మంట. కష్టపడి పెంచిన కండ వానకి కరిగిపోతుందని ఆయన భయం. రోజూ బస్తాలు మోస్తూ ఈ రాళ్లని మాత్రం ఎందుకు మానాలని వాదించేవాడు. మోత పొట్ట కోసమనీ, ఎత్తడం ఒంటి కోసమనీ, పొట్టకి సెలవు ఇవ్వలేం గాని ఒంటికి ఇవ్వొచ్చనీ తాతయ్య జవాబు. అయినా వినకపోతే, ఒక తడింజు పండగనాడు తాతయ్య ఒక ఎత్తు వేశాడు. రాళ్లు సంచుల్లోనే ఉండగా, ముందు ఏడాది ఎత్తిన రాయి ఇదే, సంచితో పాటే ఎత్తి చూడు అని చిన్నమావయ్యకు చూపించాడు. మావయ్య భయం భయంగా పట్టి భుజం మీదికి తెచ్చి, అక్కణ్నుంచి తల మీదికి లేపేశాడు. దించాక తాతయ్య సంచి విప్పాడు. అది ముందు ఏడాది రాయి కాదు. మావయ్య అంతకుముందు మోకాలు దాటించలేకపోయిన పెద్ద రాయి.

"ఎత్తినప్పుడు కండ సిరుగుద్దిరా. తొంగున్నప్పుడే అతుక్కుంటాది. నీకు తెల్దు గాని, నీ ఒంటికి తెలుసు" అన్నాడు తాతయ్య. ఆ రోజు నుంచి చిన్నమావయ్య తాతయ్య కన్నా ముందే నూనె సీసా తెచ్చి పెట్టేవాడు. ఇంతవరకూ నా జ్ఞాపకంలో తీపే ఉంది. ఇక్కడితో ఆపేయగలిగితే బాగుండేది.

నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు, అమ్మవారి పండగలో పంతాలకు పోయి బరువులెత్తిన మావయ్యకు కుడి భుజంలో ఏదో పట్టేసింది. చెయ్యి పైకెత్తితే లోపల టక్కుమనేది. తాతయ్య బొటనవేలితో నొక్కి చూసి, ఈసారి వానాకాలమే కాదు, చలికాలం కూడా వెళ్లేదాకా రాయి ముట్టుకోవద్దన్నాడు. బస్తా వీపు మీద వేసుకోవడానికి ఇబ్బంది లేదు, చెయ్యి తలపైకి లేవకపోతే చాలు. మావయ్య మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో రేవు కూలీల మీద ఒక సైనికాధికారిని పెట్టారు. అందరూ ఆయన్ని బోజీ అనేవారు. పైనుంచి ఎవరో పెద్దాయన రేవు చూడ్డానికి వస్తున్నాడనీ, ఆయన ముందు కూలీలతో బరువులెత్తించి మెప్పు పొందాలనీ బోజీ ఆలోచన. మా చిన్నమావయ్య పేరు ఆయన చెవిన పడింది. ఎత్తాలని కబురు పెట్టాడు. ఆ రోజు సరిగ్గా వాసో నెలల మధ్యలో పడింది. తను ఈ కాలంలో ఎత్తనని, కొన్నాళ్లు విశ్రాంతిలో ఉన్నానని చెప్పుకోవడానికి మావయ్య ఒక్కడే ఆయన గదికి వెళ్లాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బర్మా భాషలో విశ్రాంతిని 'నా' అంటారు. నొప్పినీ జబ్బునీ కూడా 'నా' అనే అంటారు. తేడా అంతా రాగంలో ఉంది. గొంతెత్తి మొదలుపెట్టి చివర దించితే విశ్రాంతి. కిందనే తిన్నగా సాగదీస్తే నొప్పి. బడిలో మా టీచరమ్మ మా చేత ఇది గంటలకొద్దీ వల్లె వేయించేది. రేవులో బర్మా నేర్చుకున్న మా మగవాళ్లకు రాగాలు తెలియవు. వాళ్ల నోట అన్నీ ఒక్కలాగే వచ్చేవి. మావయ్య బోజీ ముందు చేతులు కట్టుకుని 'చనో నా' అన్నాడు. నేను విశ్రాంతి తీసుకుంటున్నాను అని ఆయన ఉద్దేశం. ఏ భుజమో చూపించడానికి చెయ్యి అక్కడ వేసుకున్నాడు కూడా. బోజీ ఒక క్షణం చూసి, 'నా'యేనా అని అడిగాడట. 'నా'యే అని మావయ్య తలూపాడట.

ఇంటికి మహా సంతోషంగా వచ్చాడు. బోజీ ఏమన్నాడని అమ్మ అడిగితే, "మంచోడే అక్కా. నానొక్క ముక్క సెప్పీసరికల్లా ఇనీసినాడు. తొంగోమన్నాడు" అన్నాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం నవ్వుకుంటూ తిన్నాం. మర్నాడు పొద్దున్న రేవు గేటు దగ్గర మేస్త్రీ ఆయనకు పనిలోకి వెళ్లే బిళ్ల ఇవ్వలేదు. జబ్బు మనిషికి బస్తా ఇవ్వద్దని పైనుంచి ఆర్డరు వచ్చిందన్నాడు. పేరు కొట్టేశారన్నాడు.

ఏం జరిగిందో మా ఇంట్లో మొదట పోల్చుకున్నదాన్ని నేనే. రెండు 'నా'లూ పలికి చూపించాను. మావయ్య నా నోటి వంక చూసి తనూ పలకబోయాడు, రెండుసార్లూ ఒకటే వచ్చింది. నాకు దుఃఖం బదులు ఉత్సాహం వచ్చింది. ఇంత చిన్న పొరపాటే కదా, సరిగ్గా పలికితే సరిపోతుంది కదా అనుకున్నాను. తాతయ్య నన్ను పక్కకి పిలిచి, "గుంటా, నువ్వు ఆయనకి సెప్పగలవేటే?" అని అడిగాడు. చెప్పగలనన్నాను. బడి ఆకుపచ్చ లుంగీ, ఉతికిన తెల్ల జాకెట్టు వేసుకుని తాతయ్య చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

బోజీ గది గురించి నాకు బాగా గుర్తున్నది అక్కడి ఫ్యాను చల్లదనం. ఆయన కసురుకుంటాడని భయపడ్డాను గాని, చాలా మర్యాదగా మాట్లాడాడు. తాతయ్యకు కుర్చీ చూపించాడు. తాతయ్య కూర్చోలేదు. బోజీ నాకు సీసాలోంచి తాటిబెల్లం ఉండ తీసి ఇచ్చాడు. మా మావయ్యకు జబ్బు లేదనీ, ఆయన అన్నది విశ్రాంతి అనీ, మావాళ్లకు రాగం పలకదనీ నేను వరసగా చెప్పాను. 'నా' అన్నాను, గొంతెత్తి, చివర దించి, టీచరమ్మ నేర్పినట్టే. మళ్లీ అనమన్నాడు. అన్నాను. బర్మా పిల్లలు కూడా ఇంత చక్కగా అనరని మెచ్చుకున్నాడు. నాకు ఒళ్లు పొంగిపోయింది.

అప్పుడు ఆయన తన చెవి పట్టుకుని చూపించాడు. నువ్వు పలికిన మాటకి చెవి అని కూడా అర్థముంది తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. నా చెవులు రెండూ బాగానే ఉన్నాయి, మీ మావయ్య చెప్పింది ఆ రోజే నాకు అర్థమయింది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎవరికి ఎప్పుడు విశ్రాంతో చెప్పాల్సింది నేను, మీ మావయ్య కాదు అన్నాడు. ఒంట్లో బాగుంటే వచ్చి బరువు ఎత్తమను. ఎత్తలేకపోతే జబ్బే. రెండిట్లో ఏదో ఒకటి అనుకోమను.

బెల్లం ఉండ ఇంకా నా నోట్లోనే ఉంది. "ఏటంటన్నాడే?" అని తాతయ్య అడిగాడు. ఆయనకు ఆ మాత్రం బర్మా రాక కాదు, తను విన్నది నిజం కాకపోతే బాగుండునని అడిగాడని ఇప్పుడు అనుకుంటాను. "ముందే అర్తమైందంట తాతా" అన్నాను. తాతయ్య బోజీకి దణ్ణం పెట్టి, నన్ను తీసుకుని బయటికి వచ్చాడు. దారి పొడుగునా నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు.

ఇంట్లో విషయం చెప్పగానే చిన్నమావయ్య లేచి వెనక్కి వెళ్లి గోనెసంచులు విప్పడం మొదలుపెట్టాడు. వాసో నెలల్లో ఆ సంచులు విప్పడం నేను చూడటం అదే మొదలు. తాతయ్య అడ్డం నిలబడ్డాడు. "ఒగ్గీరా బాబూ. ఇంకోకాడ ఏదైనా సూసుకుందుము." మావయ్య ఆయన్ని పక్కకు జరిపాడు. "మనకింకోకాడ ఎవుడిస్తాడు నాన్నా? ఒక్కపాలి ఎత్తీసి వచ్చేస్తాను. దాని తరవాత కావలిస్తే ఏడాది తొంగుంటాను." నిజంగానే మాకు ఇంకోచోట ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. తాతయ్య తన జీవితమంతా నేర్పిన విద్యను తన కళ్లముందే కొడుకు కాలదన్నుతుంటే, ఆ కొడుకు భుజానికి తనే కూర్చుని నూనె రాశాడు.

పెద్దాయన వచ్చిన రోజు వాన. రేవు గోడౌన్‌లో బస్తాలు ఒక వైపుకి తోసి, ఇనుప కడ్డీకి చక్రాలు బిగించిన బరువు మధ్యలో పెట్టారు. కూలీల పిల్లల్ని ముందు కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. మావయ్య మొదటిసారి ఎత్తాడు. చప్పట్లు కొట్టాం. బోజీ చక్రాలు పెంచమన్నాడు. మావయ్య ఆయన వంక చూశాడు, ఒక్కపాలి అనుకునే కదా వచ్చాడు. చక్రాలు పెంచారు. రెండోసారి బరువు తల మీదికి వెళ్లింది గాని చెయ్యి నిలవలేదు. ఇనుము వెనక్కి పడింది. మావయ్య మోకాళ్ల మీద కూలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, 'నా, నా' అన్నాడు. ఆ రోజు ఆయన రాగం సరిగ్గా పలికింది. అది నొప్పి.

ఆ చెయ్యి మళ్లీ భుజం కన్నా పైకి లేవలేదు. బస్తా వేసుకోవడానికీ పనికి రాలేదు. రేవులో ఆయన పేరు మళ్లీ ఎక్కలేదు, జబ్బు మనిషి కాబట్టి. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేకుండా పోయింది. రేషన్ ఆగింది. అమ్మ ఇళ్లల్లో బట్టలు ఉతకడానికి కుదిరింది. మావయ్య ఎడమచేత్తో కిళ్లీలు కట్టి వీధి మొగలో అమ్మేవాడు. చివరిదాకా అదే పని. తాతయ్య ఆ ఏడు తడింజు పండక్కి గోదా తలుపు తీయలేదు. ఆ తరవాత ఎప్పుడూ తీయలేదు. కోపంతో కాదు. ఒంటికి సెలవు ఇవ్వొచ్చు అని ఆయన ఇక ఎవరికీ చెప్పలేకపోయాడు.

ఇప్పుడు మా మనవరాలు ఏదో జిమ్ముకి వెళ్తుంది. ఒళ్లు అలిసిపోయిందని నెల రోజులు మానేశానని మొన్న చెప్పింది. ఎవరిని అడిగావే అన్నాను. ఎవరినైనా ఎందుకు అడగాలి అమ్మమ్మా అని నవ్వింది. ఆ నవ్వు చూసి సంతోషించాలి. నాకు మాత్రం మా చిన్నమావయ్య మీద జాలితో, ఆ పిల్ల మీద అసూయతో కడుపు మండింది. ఈ వయసులో ఇంకా ఇంత చేదు మిగిలి ఉందని నాకే తెలియదు.

నా బర్మా ఇప్పటికీ చాలా బాగుంటుంది. ఫోనులో వింటే నన్ను కొరంగీ అని ఎవరూ పోల్చలేరు. కాని దాని మీద నాకు ఆ రోజే నమ్మకం పోయింది. ఆఫీసుల్లో బల్ల అవతల కూర్చున్నవాళ్లు, మీరు చెప్పేది అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అంటుంటారు. నేను వెంటనే చెప్పను. ముందు వాళ్ల మొహం చూస్తాను. నిజంగా అర్థం కానివాళ్ల మొహంలో కొంచెం కంగారు ఉంటుంది. ఆ కంగారు కనిపిస్తే ఎన్నిసార్లయినా చెబుతాను. కనిపించకపోతే, నా కాగితాలు తీసుకుని లేచి వచ్చేస్తాను.