లిండెన్‌లో దొరసాని వేషం

లిండెన్ వెళ్ళింది నాటకం కోసం. నేను చూడ్డానికి, మా పక్క బ్లాకులో ఉండే హలీనా గారు ఆడ్డానికి. 2009 నవంబరు, ఒక శనివారం. మేముండే ప్లెయిన్స్‌బరోలో తెల్లారినప్పటి నుంచీ సన్నటి వాన, ఆకులన్నీ రాలిపోయి చెట్లు పుల్లల్లా ఉన్నాయి.

హలీనా గారు పోలండ్ ఆవిడ, డెబ్బై దాటాయి, కూతురి దగ్గర ఉంటుంది. మాకు పరిచయం లాండ్రీ రూంలో. నేను మా అమ్మాయి సునీత వాళ్ళ బట్టలు మడతలు పెడుతుంటే, ఈవిడ డ్రయ్యర్ ముందు నిలబడి చెయ్యెత్తి గట్టిగా ఏదో అంటోంది. ఎవర్నో తిడుతోందనుకున్నాను. అవి నాటకంలో మాటలట. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఆవిడ సగం, నేను సగం కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

లిండెన్‌లో వాళ్ళ చర్చి హాల్లో ఏటా అదే నాటకం వేస్తారు, రాజుల కాలం నాటిది. పేరు చెబుదామంటే నాకు నోరు తిరగదు. దొర యుద్ధానికి పోతాడు, దొరసాని ఒంటరిగా ఇల్లు కాచుకుంటుంది. శత్రువుల సేనాపతి వచ్చి ముందు పనిమనిషిని అడుగుతాడు, "ఈ ఇంట్లో నువ్వెవరు?" అని. "ఈ ఇంటి బండికి కట్టే గుర్రాన్ని. పగ్గం ఎటు లాగితే అటు" అంటుంది. చివర్లో దొరసానినీ అదే మాట అడుగుతాడు. "మబ్బు మీది డేగని. ఈ కప్పు నా రెక్క నీడ" అని ఆవిడ మొదలుపెడితే, వాడు కత్తి దించేదాకా ఆగదు.

ఆ నాటకంలో ఎవరి పోలిక వాళ్ళదే. దొర గరుడపక్షి, పెళ్ళికూతురు ఆపిల్ పువ్వు, గుమాస్తా వేటకుక్క, రైతు మట్టిగడ్డ. ఒకరి పోలిక ఇంకొకరు వాడుకోకూడదు. మా తెనాలి వైపు పద్యనాటకాలు చూస్తూ పెరిగినదాన్ని, నాకిది కొత్తేం కాదు. రాజు సింహం, రాణిది హంస నడక. చెలికత్తెకి పాపం పోలికే ఉండదు, "చిత్తం" అని పక్కకి జరగడమే.

హలీనా గారు ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఏటా పనిమనిషి వేషమే. పగలు ఇళ్ళు తుడిచేది, సాయంత్రం రిహార్సల్‌లో మళ్ళీ చీపురు. ఆ ఏడు దొరసాని వేసే ఆవిడ ఫ్లారిడా వెళ్ళిపోయింది, వేషం ఈవిడకొచ్చింది. వచ్చే జనవరిలో ఈవిడ గొంతుకి ఆపరేషన్. తరవాత మాట వస్తుందో రాదో డాక్టర్లు ఏమీ చెప్పలేదు.

"ఒక్కసారి డేగనవుతాను రత్నం. ఆ తరవాత గొంతు పోతే పోనీ" అంది.

నేను బడికి వెళ్ళింది మూడో క్లాసు దాకానే, కానీ విన్నది పోదు. బట్టలు మడతలు పెడుతూ వినీ వినీ ఆ డేగ మాటలు వాళ్ళ భాషలోనే నాకు నోటికొచ్చేశాయి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి సునీత మమ్మల్ని ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దింపింది. మీరెప్పుడైనా వెళితే టికెట్ ముందే మెషీన్‌లో కొనుక్కోండి, రైలెక్కాక కొంటే ఎక్కువ గుంజుతారు. మాకు రానూపోనూ టికెట్లు సునీతే తీసిచ్చింది. ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాం.

ఎడిసన్‌లో ఒక పిల్ల ఎక్కింది. నా చీర చూసి పలకరించింది. కరీంనగర్ నుంచి వచ్చి మాస్టర్స్ చదువుతోందట.

"ఎక్కడికి పోతున్నరు ఆంటీ?"

"పోలండ్ వాళ్ళ నాటకానికమ్మా."

"పోలండా? మీకు సమజైతదా?"

"భాష రాదు గానీ కథంతా తెలుసు. ఈవిడే దొరసాని."

"అబ్బో! దొరసానమ్మనే ఎంటేసుకొని పోతున్నరా!"

ఏమంటోందని హలీనా గారు అడిగింది. నిన్ను దొరసాని అంటోందన్నాను. నవ్వలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. మెట్రోపార్క్, రావే స్టేషన్లు, తరవాత లిండెన్. అక్కడ దిగేదాకా అలాగే ఉంది.

స్టేషన్ నుంచి హాలు నడక దూరం, గొడుగు చాలక ఇద్దరం ఒకో భుజం తడుపుకున్నాం. లోపల తడి కోట్ల వాసన, కాఫీ వాసన. బంగాళాదుంప కూరి నీళ్ళలో ఉడికించిన కజ్జికాయల్లాంటివి పెట్టారు, మాంసం లేదని అడిగి మరీ తిన్నాను. నా పక్కన ఒక బట్టతల పెద్దాయన కూర్చుని, అడక్కపోయినా అర్థం చెప్పడం మొదలుపెట్టాడు.

మూడింటికి తెర లేచింది. హలీనా గారు ఎర్ర మఖమల్ గౌనులో వచ్చింది, మెడలో గాజు ముత్యాలు. చూసి నాకే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పనిమనిషి వేషం ఒక పడుచు పిల్లకిచ్చారు. గుర్రం మాట ఆ పిల్ల గబగబా అప్పజెప్పేసింది, జనంలో ఉలుకూ పలుకూ లేదు.

చివరి రంగం. సేనాపతి కత్తి దూసి అడిగాడు, "ఈ ఇంట్లో నువ్వెవరు?"

హలీనా గారు గడ్డం ఎత్తింది. నా పెదాలు కదులుతున్నాయి. మొదటి ముక్క నాకు తెలుసు, అదే వస్తుందని కాచుకున్నాను.

అది రాలేదు. ఆవిడ తల దానంతటదే వంగింది, భుజాలు ముందుకి వాలాయి, చేతులు ముందుకొచ్చి లేని చీపురు పట్టుకున్నాయి.

"ఈ ఇంటి బండికి కట్టే గుర్రాన్ని. పగ్గం ఎటు లాగితే అటు."

అన్నేళ్ళు అదే ప్రశ్నకి అదే జవాబు చెప్పిన నోరు. హాలంతా నవ్వు. వెక్కిరింపు కాదు, ఇంట్లో మనిషిని చూసి నవ్వినట్టు. లేచి నిలబడి చప్పట్లు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "అదీ మా హలీనా! ఆ మాట ఇంకెవరు చెప్పినా రక్తి కట్టదు" అన్నాడు.

ఆ చప్పట్లలో ఆవిడ రెండుసార్లు నోరు తెరిచింది. వినేవాళ్ళెవరూ లేరు. సేనాపతి వేసినాయన నవ్వాపుకోలేక కత్తి దించేశాడు, తెర పడింది.

తెర వెనక్కి వెళ్ళేసరికి నాటకం వేయించే ఆయన ఆవిడ భుజం తడుతున్నాడు. "వచ్చే ఏడు నీ పనిమనిషి వేషం నీకే ఇచ్చేస్తాను" అని నాకూ తెలిసేలా ఇంగ్లీషులో అన్నాడు. ఆవిడ తల ఊపింది. నన్ను చూసి, "చాలా చప్పట్లు కొట్టారు కదా రత్నం" అంది. కొట్టారు అన్నాను.

ఆరు దాటాక తిరుగు రైలు. బోగీలో సగం సీట్లు ఖాళీ. పులిహోర ఇస్తే వద్దంది. కడిగినా పోని రంగు చెవుల దగ్గర అలాగే ఉంది. రావే దాటాక, కిటికీ వైపు తిరిగి మెల్లిగా మొదలుపెట్టింది. డేగ మాటలు. ఒక్క అక్షరం తప్పు పోలేదు, నేను వెంట వెంట సరిచూసుకుంటూనే ఉన్నాను. గొంతు లేచింది. ముందు సీటు వాళ్ళు తిరిగి చూశారు. "ఈ కప్పు నా రెక్క నీడ" దాకా వచ్చింది.

"టికెట్స్ ప్లీజ్" అంటూ కండక్టర్ వచ్చాడు.

ఆవిడ ఠక్కున ఆగి, వంగి, కాళ్ళ దగ్గర సంచీలో టికెట్ వెతికింది. సారీ, సారీ అంటూ రెండు చేతులతో అందించింది. ఆయన పంచ్ చేసి వెళ్ళిపోయాడు.

తరవాతి ముక్క మరిచిపోయిందేమోనని నేను అందించాను, వాళ్ళ భాషలోనే. ఆవిడ నా వైపు ఆశ్చర్యంగా చూసింది. మళ్ళీ అనమని అందించాను.

"నువ్వే చెప్పు రత్నం" అంది. "నేను వింటాను."

చెప్పాను. నా నోట్లో ఆ భాష ఎలా పలికిందో గానీ, మెట్రోపార్క్ వచ్చేలోగా చివరిదాకా చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. మన ఊరి నాటకమైనా, వాళ్ళ దేశం నాటకమైనా, పోలిక మనిషికి ఒకసారి తగిలించాక ఊడదీయడం కష్టమని నాకు ఆ రైల్లో అనిపించింది. బయట వాన పడుతూనే ఉంది, కిటికీలో మా ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనిపించలేదు.