నోరున్న మనిషి

బస్సు డిపోలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె మైకు. తలుపు దగ్గర నిలబడి స్టాపు పేరు చెప్పిందంటే, వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి దిగాల్సిందే. అలాంటి కండక్టరుకి ఒకరోజు డ్యూటీలోనే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాలూ చెయ్యీ కొన్నాళ్ళకు దారిలోకి వచ్చాయి గానీ నోరు మొరాయించింది. మిగిలిందల్లా ఒక్కటే వాక్యం, "ముందుకు జరగండి." నాడి చూసే డాక్టరుకీ అదే, మంచినీళ్ళు అందించే మొగుడికీ అదే. ఆయన గడియారాలు బాగుచేసుకునే నెమ్మదస్తుడు, పాపం, ఆమె అన్నప్పుడల్లా నిజంగానే ఓ అడుగు ముందుకు జరిగేవాడు.

సర్కారు ఆరోగ్య బీమా కింద స్పీచ్ థెరపీ దొరికింది. ఆసుపత్రిలో కిటికీ లేని చిన్న గదిలో అద్దం ముందు కూర్చుని, పెదాలు ఎలా కలపాలో, నాలుక ఎక్కడ ఆనించాలో పసిపిల్లలా నేర్చుకుంది. విసుగొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. అద్దంలో తన మొహాన్నే తిట్టబోయి, తిట్టు కూడా రాక నవ్వుకున్న రోజులున్నాయి. మెల్లమెల్లగా ఒక్కో మాటా తిరిగి రావడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మళ్ళీ బస్సెక్కవచ్చని థెరపీ అమ్మాయి చెప్పింది. మైకుకి కావలసిందీ అదే. ఇంట్లో కూర్చోమని ఎవరైనా సలహా ఇస్తే ఆమెకు ఒళ్ళు మండుకొచ్చేది.

సరిగ్గా అప్పుడే రూలు మారింది. ఎవరో దొంగ పేర్లతో థెరపీ బిల్లులు పెడుతున్నారట. అందుకని ఇకమీదట రోగే ఫోన్ చేసి, తన గొంతుతో తన పేరు చెబితేనే థెరపీ కొనసాగుతుందట. పక్కవాళ్ళు చెబితే చెల్లదట. అంటే మాట రానివాళ్ళు మాట కోసం మాట్లాడి అడుక్కోవాలన్నమాట! ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ వాడికో దండం. ఇంటి నుంచి ఎన్నిసార్లు చేసినా, ఆమె మొదటి అక్షరం కూడగట్టుకునేలోపే "మీ నుంచి జవాబు రాలేదు" అంటూ అవతలి మెషీను ఫోన్ పెట్టేసేది. మొగుడు తలపట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెప్పులేసుకుంది. ఆయనా లేచి వెంట నడిచాడు.

బీమా ఆఫీసు గుమస్తా చెడ్డవాడేం కాదు. తన చేతుల్లో ఏమీ లేదని, ఫోన్ తప్ప వేరే దారి లేదని మర్యాదగానే చెప్పాడు. ఆమె అతని బల్ల మీదున్న ఫోన్‌కేసి వేలు చూపించి, ఇక్కడి నుంచే చెయ్యమని సైగ చేసింది. స్పీకర్ పెట్టించింది. మెషీను పేరు అడిగింది. ఆమె మెడ నరాలు ఉబ్బాయి, పెదాలు కలిశాయి, శబ్దం సగంలో ఉండగానే లైను తెగింది. మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ తెగింది. వెనక క్యూలో సణుగుడు మొదలైంది. ఆమె చెవిన పెట్టలేదు.

చివరికి గుమస్తాకే చెమటలు పట్టాయి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తనే ఆడగొంతు పెట్టి ఆమె పేరు చెప్పేస్తానన్నాడు. దొంగల్ని పట్టుకోవడానికి పెట్టిన రూలుకి ఏ గతి పట్టిందో చూడండి! ఆమె అరచేత్తో ఫోన్ మూసేసింది.

"నా పేరు," అని ఊపిరి తీసుకుంది. "నేనే… చెప్తా."

స్టాపు వచ్చాక కేకేస్తే ఏం లాభం? రాకముందే వెయ్యాలి. ఈసారి మెషీను ఇంకా నమస్కారాలు చెబుతూండగానే ఆమె పేరు కూడగట్టడం మొదలుపెట్టింది. అది అడగడం పూర్తయ్యేసరికి ఆఖరి అక్షరాలతో సహా పేరు మొత్తం వచ్చి పడింది. మెషీను ధన్యవాదాలు చెప్పి, థెరపీ కొనసాగుతుందంది. గుమస్తా కుర్చీలో వెనక్కి వాలాడు. మొగుడు కళ్ళు తుడుచుకున్నాడు.

పనైపోయింది, ఇక వెళ్ళచ్చన్నారు. ఆమె వెళ్ళలేదు. వెనక నిలబడ్డ ముసలి టైలరు ఆసుపత్రిలో ఆ అద్దమున్న గదిలో ఆమె పక్క కుర్చీ మనిషి. ఆయనకింకా ఒక్క మాటైనా రాలేదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని కౌంటరు ముందుకు తెచ్చింది.

"ఈయనకి?"

"రూలు రూలేనమ్మా. ఆయనే చెప్పాలి," అన్నాడు గుమస్తా, నేల చూపులు చూస్తూ.

ఆమె కుర్చీ లాగి టైలర్ని కూర్చోబెట్టింది. తను కౌంటరుకి ఆనుకుని నిలబడింది.

"చెయ్యి ఫోను," అంది. "ఆయన… చెప్పేదాకా… నేను కదలను."

క్యూలో ఈసారి ఎవరూ సణగలేదు.