ఆగు, లాగు, హోల్డాన్

పెద్ద సిస్టర్‌కి ఒళ్లు మండించే మాటలు రెండే. ఒకటి ఆపరేషన్ గదిలో డాక్టరు అనే "ఆగు". రెండోది ఇంట్లో మొగుడు అనే "హోల్డాన్".

మొగుడు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు దిగాడే కానీ నోట్లోంచి బస్సు ఆపే ఆ మాట దిగలేదు. కంచంలో ఇంకో గరిటె వెయ్యబోతే చాలనడు, చెయ్యి అడ్డం పెట్టడు, "హోల్డాన్" అంటాడు. మనుషుల్లా మాట్లాడలేవా అని ఆవిడ ఏళ్ల తరబడి సణుగుతూనే ఉంది. ఆయన బుద్ధిగా తలూపి, మర్నాడు మళ్లీ అదే అంటాడు.

ఇక "ఆగు" సంగతి. కాలి రక్తనాళంలో అడ్డుపడ్డ నెత్తురు గడ్డను తియ్యడానికి సన్నటి గొట్టంలోంచి ఒక తీగవలను పంపుతారు. అది గడ్డలో విచ్చుకుని, దాన్ని పట్టుకుని వెనక్కి రావాలి. వినడానికి బాగానే ఉంటుంది. తీరా చూస్తే గొట్టం మడతపడుతుంది, లేదా గడ్డ గొట్టానికే అడ్డం పడుతుంది, అదీ కాకపోతే వల ఎక్కడో పట్టేసి రానని భీష్మించుకుంటుంది. అప్పుడు డాక్టరు "ఆగు" అంటాడు. మూతికి మాస్కు, పక్కన గుర్రుమనే పంపు. తీగ చివర పట్టుకున్న టెక్నీషియనుకు అది "లాగు" అని వినబడుతుంది. ఒకసారి అలాగే లాగితే వల తెగి లోపలే ఉండిపోయింది. పాపం, బల్ల మీదున్న ముసలావిడ పాదం తీసెయ్యాల్సి వచ్చింది. అది తలుచుకుంటే సిస్టర్‌కి ఇప్పటికీ ముద్ద దిగదు.

"ఆ మాట మానండి మహాప్రభో, 'ఉండు' అనండి" అని అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది. "అలాగే సిస్టర్" అంటారు. కంగారులో మళ్లీ పాత మాటే.

ఆ రోజు బల్ల మీద ఒక దర్జీ. కుట్టుమిషను తొక్కే కాలు చల్లబడి నీలంగా మారింది. మనిషి మాత్రం తెలివిగానే ఉన్నాడు.

"కాలు ఉంటుందా అమ్మా?"

"ఉంటుంది. మీరు కదలకండి" అంది సిస్టర్.

వల సగం దూరం వచ్చి ఇరుక్కుంది. తెర మీద వలతో పాటు నాళం కూడా సాగుతోంది.

"ఆగు" అన్నాడు డాక్టరు.

టెక్నీషియను మోచెయ్యి వెనక్కి కదిలింది. సిస్టర్ "ఉండు" అందామనుకుంది. నోట్లోంచి మాత్రం "హోల్డాన్!" అని కేక వచ్చింది, అచ్చం మొగుడి గొంతే.

చెయ్యి ఠక్కున నిలిచిపోయింది. చిన్నప్పట్నించీ బస్సెక్కినవాడు, ఆ మాటకి ఎలా కదులుతాడు? డాక్టరు గొట్టాన్ని మెల్లిగా ముందుకి తోసి, వలను అందులోకి ముడిచి, రెండింటినీ కలిపి బయటికి తీశాడు. గడ్డ కూడా వచ్చింది. సిస్టర్ దర్జీ పాదం పట్టుకుని నిలబడింది. కాసేపటికి అది వెచ్చబడింది.

"ఇక రైట్ రైటేనా అమ్మా?" అన్నాడు దర్జీ నీరసంగా.

ఇంటికెళ్లి మొగుడికి వడ్డించింది. రెండో గరిటె ఎత్తగానే ఆయన "హోల్డాన్" అని, తిట్లకు సిద్ధమై తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"రోజూ నా చెవినేశావు కదయ్యా" అని ఆయన మీదే విసుక్కుంది. "ఆ ముసలావిడప్పుడు నా నోటికి ఎందుకు రాలేదు?"