లెక్కలో రాని చర్ఖా

నల్గొండలో మా కిరాయి ఇంటి పక్క ఫంక్షన్ హాల్లో జనరేటర్ మొదలైనప్పుడల్లా పొగ వాసన మా వంటింటి దాకా వస్తుంది. అందరూ విసుక్కుంటూ కిటికీలు మూసుకుంటారు, నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడతాను. తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను నాలుగో తరగతి చదువుతున్నప్పుడు, మా ఇంటికీ ఒక జనరేటర్ వచ్చింది.

మాది మగ్గం ఇల్లు. బతుకమ్మ ముందు చీరలకు గిరాకీ ఎక్కువ, కరెంటు కోతలూ ఎక్కువే. మబ్బు కమ్మిందంటే మగ్గం గుంటలో కూర్చున్న బాపుకు పోగు కనిపించేది కాదు. కాల్చిన మక్క కంకుల వాసన, తడి నూలు వాసన, రంగుల వాసన కలిసిన ఆ చీకట్లో దాగుడుమూతలాడుకునే మాకు మాత్రం కరెంటు పోవడమే పండగ. బాపు తల్లి, మా అవ్వ, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే కండెలకు చర్ఖా మీద నూలు చుట్టేది. ఆమె వేళ్లు వంకరపోయి తిప్పలేకపోతుంటే బాపే చర్ఖాకు మోటారు పెట్టించాడు.

జనరేటర్ కొనడానికి పోయినప్పుడు ఇంట్లో ఏమేం నడవాలని దుకాణాయన అడిగితే, బల్బులు, ఫ్యాను, టీవీ అని చెప్పి బాపు దానికి సరిపడా చిన్నది తెచ్చాడు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తాడు గుంజగానే ఇల్లు వెలిగింది. అవ్వ సంతోషంగా చర్ఖా స్విచ్ వేసింది. జనరేటర్ గుర్రుమని ఆగిపోయింది. టీవీ, ఫ్యాను ఆపి చూసినా అంతే. మోటారు తిరిగేటప్పటికంటే మొదలయ్యేటప్పుడు ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు గుంజుతుందని తర్వాత తెలిసింది. అసలు ఆ మోటారు సంగతే బాపు దుకాణంలో చెప్పలేదు. మగ్గాల ఇళ్లలో నేయడమే పని, కండెలు చుట్టడం ముసలివాళ్ల కాలక్షేపం అనుకుంటారు. మా బాపూ అలాగే అనుకున్నాడు.

"ఇగ నువ్వు ఊకె కూసో అవ్వా, కండెలు బయట చుట్టిపిచ్చుకుంట" అన్నాడు.

అవ్వ ఆ పూట జొన్నరొట్టె ముట్టలేదు. నేను పక్కకు పోయి కూర్చుంటే నా తల నిమిరి, "నా పని అయిపోయింది బిడ్డా" అంది. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "కండె లేంది నాడెల ఏం పెట్టి నేస్తవు? అత్తమ్మను లెక్కల పట్టకుండ గీ మిషిన్ ఎందుకు తెచ్చినవ్?" అని బాపును నిలదీసింది.

మర్నాడు జనరేటర్‌ను ఆటోలో ఎక్కించుకుని బాపు మళ్లీ దుకాణానికి పోయాడు, వెంట నేనూ పోయాను. ఏమేం నడవాలని దుకాణాయన మళ్లీ అడిగాడు.

"ముందుగాల మా అవ్వ చర్ఖా. అది మొదలయ్యెటప్పుడు ఎంత గుంజుతదో చూడు. మిగిలినయి తర్వాత" అన్నాడు బాపు.

పెద్దది తెచ్చుకున్నాం. ఆ బతుకమ్మకు అవ్వ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద బుగ్గన పెట్టుకుని, మమ్మల్ని దారానికి దూరంగా తరుముతూ, కండెలు చుడుతూనే ఉంది.

తర్వాత కోతలు తగ్గాయి. అవ్వ పోయింది. చీరలకు గిరాకీ పడిపోయి బాపు ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. మగ్గం విప్పి, గుంట పూడ్చి, ఆ జాగాలో బండలు పరిపించాడు. మొన్న నేను ఇంటికి పోయిన రోజు మబ్బు పట్టి కరెంటు పోయింది. అమ్మా బాపూ మాట్లాడుకుంటూ కూర్చున్నచోటే కూర్చున్నారు. కరెంటు పోతే ఆగిపోయే పని ఇప్పుడు మా ఇంట్లో ఏదీ లేదు.