సెకనుకు పదిహేను చుట్ల రుబ్బురోలు

మిల్లు సంగు, అదే సైరను, ఊదితే తప్ప తెల్లవారని మా పీళమేడులో, ఆ రోజుల్లో, కొత్తగా డిప్లొమా చేతికొచ్చిన కుర్రాడికి భూమి కూడా తన అనుమతితోనే తిరుగుతున్నట్టుండేది. నేనూ అలాంటివాణ్ణే. (ఆ డిప్లొమాకు అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించింది మా అమ్మ, దండం పెట్టుకున్నది మాత్రం నేనే.) మేనమామ కూతుర్ని చేసుకోవాలని నాకు ఆశ. అత్తకేమో మేలూరులో పొలాలున్న సంబంధం మీద మనసు. మిల్లులో ఫిట్టరైన మామ మధ్యేమార్గం చెప్పాడు. "డేయ్, రుబ్బి రుబ్బి మీ అత్త చేతులు పడిపోతుండాయి. కరెంటుతో తిరిగే రోలొకటి చేసిపెట్టు. పిండి బాగా వస్తే పిల్ల నీకే, సరియా?"

అప్పట్లో మా కోయంబత్తూరులో గ్రైండరు చెయ్యడం ఒక పిచ్చి. వీధికొకడు రోలుకు మోటారు తగిలించే పనిలో ఉండేవాడు. నేనూ పాత మోటారొకటి సంపాదించి, అత్త వంటింటి గోడ మీద సుద్దతో లెక్క మొదలుపెట్టాను. రోలు నిమిషానికి నూట యాభై చుట్లు తిరగాలి. అరవైతో భాగిస్తే సెకనుకు రెండున్నర చుట్లు. అక్కడితో ఆగితే నేను డిప్లొమావాణ్ణి ఎలా అవుతాను? కాలేజీలో నేర్పినట్టు 2πతో హెచ్చవేసి, కోణీయ వేగం 15.7 అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. (ఒక చుట్టులో ఆరుకు పైగా రేడియన్లుంటాయి కాబట్టి పెరిగింది అంకే, వేగం కాదు.) బి.ఎస్సీ. ఫిజిక్సు చదువుతున్న మరదలు తొంగిచూసి, "బావా, యూనిట్ రాయలేదే?" అంది. "అంకె వచ్చింది గదా, యూనిట్ ఎందుకు?" అన్నాను, ఇంకా సరిగా రాని మీసం దువ్వుకుంటూ.

మర్నాడు పుల్లీలు చేయించేటప్పుడు ఆ 15.7ను సెకనుకు చుట్లనుకున్నాను. మోటారు తిరిగేదే సెకనుకు ఇరవై నాలుగు. ఇంకేం, పదింతల తేడా ఉండాల్సిన పుల్లీలు రెండూ అన్నదమ్ముల్లా ఒకటిన్నర రెట్ల తేడాతోనే కుదిరాయి.

శుక్రవారం అత్త రోలుకు పసుపు కుంకుమ పెట్టి, నానిన ఉద్దిపప్పు పోసి, కారమడై రంగనాథుణ్ణి తలుచుకుంది. నేను స్విచ్చి వేశాను. పూర్తి వేగం అందుకోకముందే బెల్టు ఊడిపోవడం ఆ స్వామి దయే. కానీ అంతలోనే పప్పంతా రోలు వదిలి నాలుగు దిక్కులకూ పోయింది. మామ మీసం తెల్లబడింది. అత్త ముఖంలో బొట్టొక్కటే ఆనవాలు దొరికింది. "అయ్యయ్యో! ఇది రోలా, తిరునాళ్ళ రాట్నమా? నా బిడ్డను మేలూరుకే ఇస్తా, పో!" అని కేకలేసింది. నాకు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. పరువు పోతే పోయింది, పిల్ల పోతోందే!

మరదలు మాత్రం తాపీగా గోడ మీది పప్పు తుడిచి, సుద్దముక్క తీసుకుని, నా 15.7 పక్కన 'సెకనుకు రేడియన్లు' అని రాసింది. "నాయనా, బావకు లెక్క వస్తుండాది, యూనిట్టే రాదు. పక్కన ఉండి రాసేదానికి ఒక మనిషి కావాల" అంది. మామ పడీపడీ నవ్వాడు. అత్త ముఖం తుడుచుకుని, "మొదట గోడ కడగమను. ముహూర్తం సంగతి ఆ మీంద సూద్దాం" అంది. ఏ గోడనూ అంత సంతోషంగా ఎవరూ కడిగి ఉండరు.

అప్పటినుంచి యూనిట్లు రాసేది ఆవిడే. మొన్న ఇడ్లీ తింటూ, "నువ్వంటే నాకెంత ఇష్టమో తెలుసా?" అన్నాను. "ఎంత? యూనిట్‌తో చెప్పు బావా" అంది. ఈసారి పప్పు పడకుండానే తెల్లబడిన మీసం దువ్వుకుంటూ మనసులోనే లెక్క వేశాను. అంకె ఏటేటా పెరుగుతున్నట్టే ఉంది గానీ, యూనిట్ మాత్రం ఈ డిప్లొమావాడికి ఇంకా తెలియలేదు.