బావ చేతి కొబ్బరిబొండాం

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి.

జబ్బు వచ్చాక మందివ్వడం కాదు, రాకుండా చూడటం నేర్పే శాఖలో పాఠాలు చెబుతాను. ఎంబీబీఎస్ పూర్తయిన పిల్లలను జీపెక్కించి, ఉద్దానం ఊళ్ళలో ఇల్లిల్లూ తిప్పి, మనుషులతో మాట్లాడటం నేర్పించాలి. మొదటి ఇల్లు ఎప్పుడూ మా అక్కదే. బావ మీసాల మీద రెండు పంచెలు ఆరేసుకోవచ్చు. ఆయన కొట్టిచ్చే బొండాల గుట్ట మీద భోగాపురంలో దిగాల్సిన విమానం దిగిపోవచ్చు. వచ్చినవాళ్ళతో పాటు తానూ ఒకటి తాగితేనే ఆయనకు మర్యాద.

కిడ్నీలు పాడయ్యాక, అందులోని పొటాషియం వల్ల ఆ నీళ్ళే ఆయనకు విషమయ్యాయి. డాక్టర్లు ఎంత చెప్పినా, చుట్టాలు తాగుతుంటే ఊరికే కూర్చోలేడు. దాంతో పిల్లలకు కొత్త పాఠం పెట్టాను: బొండాం వద్దనాలి, నొప్పించకుండా.

ఒకడు ఉపవాసమన్నాడు.

"శివరాత్రి ఇయ్యేలే వచ్చిందేటి?" అన్నాడు బావ.

ఇంకొకడు సంచిలోంచి సీసా తీసి తన నీళ్ళు తాను తాగాడు. బావ కత్తి కింద పెట్టేశాడు. "ఏటి బావా, డాట్రీ సదివితే మనింట నీళ్ళు ముట్టకూడదని సెప్పినావేటి?" అని నన్నడిగాడు.

తర్వాతి నెల బ్యాచిలో పాతపట్నం పిల్ల ఒకతె వచ్చింది. "కొట్టకు మావా, కాయలాగే ఇచ్చీ. మా అమ్మకి పట్టుకెల్తాను" అంది. అతిథి అక్కడ తాగకపోతే ఆయనా తాగక్కర్లేదు.

"ఒలమ్మా, ఒకటేటి, గెల ఎత్తుకెల్లు!" అన్నాడు బావ, మీసాలు విప్పారుతుండగా.

అప్పట్నుంచి అందరిదీ అదే దారి. మా జీపును చెక్‌పోస్టులో ఆపి, కొబ్బరి లోడు ఎక్కడికని అడిగేవారు.

అయినా జబ్బు ఆగలేదు. మేము అది రాకుండా చూసేవాళ్ళమే గానీ, వచ్చినదాన్ని వెనక్కి పంపేవాళ్ళం కాము. చివరిసారి వెళ్ళినప్పుడు బావ మంచం మీంచే నవ్వి, ఆ పిల్లతో "కాయట్టుకెల్లడం మరిసిపోకమ్మా" అన్నాడు. వారం తిరక్కుండా పోయాడు.

మీసాలు, విమానం, చెక్‌పోస్టు నేను ఊది పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ చివరి మాట. ఆ రోజు ఆయన నవ్వలేదు. "ఒక్క గుక్క బొండాం నీళ్ళు పొయ్యమ్మా" అని అడిగాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"రేపు పోస్తాను మావా" అంటూ తడి దూది ఆయన పెదవులకు అద్దింది.